ముల్లంగి మడి మట్టి

నుమాజు
అక్టోబరు 21, 1984

షిజునో వదినకు,

ఇక్కడ నారింజలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. రంగు తిరగ్గానే ఒక పెట్టె పంపిస్తాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం నిన్ను ఒక పని అడగడానికి రాస్తున్నది. నేరుగా అడగడానికి మొహమాటం వేసి నారింజలతో మొదలుపెట్టాను.

నేను కంపెనీలో చేరిన మొదటి వేసవిలో అన్నయ్య నాకు గుప్పెడు మట్టి ఇచ్చాడు, గుర్తుందా? కొత్తగా చేరినవాళ్ళు సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఎవరూ వెళ్ళని చోటినుంచి మట్టి తేవడం మా ల్యాబ్ ఆనవాయితీ. ఒకడు అగ్నిపర్వతం అంచునుంచి తెచ్చాడు, ఇంకొకడు సముద్రం మధ్య దీవినుంచి. నాకు అన్నయ్య కనుమ ఎక్కి, గుడి దగ్గర దేవదారు మొదట్లో తవ్వి తెచ్చిపెట్టాడు. ఆ మట్టిలో దొరికిన బ్యాక్టీరియానే మా 612. వరికి వచ్చే అగ్గి తెగులును ఆపే యాంటీబయాటిక్ చేసేది వాడే. రెండు వేసవులు పరీక్ష మడుల్లో ఆ మందు చల్లితే పైరు పచ్చగా నిలబడింది.

వదినా, వాడిప్పుడు మందు చేయడం మానేశాడు. ఇదివరకు గాజు పళ్ళెంలో జిగురు మీద పెంచితే తెల్లటి నూగు వచ్చేది, అడుగున ఎర్రరంగు దిగేది. ఆ ఎరుపే మందు. ఇప్పుడు నూగూ లేదు, ఎరుపూ లేదు. నున్నగా, బోడిగా పెరుగుతున్నాడు. అచ్చం అన్నయ్య నెత్తిలాగా. మొదటి ఏడాది దాచిన గొట్టాలు తెరిచి చూస్తే ఒక్కటీ మొలకెత్తలేదు.

అందుకని, మంచు పడకముందే ఆ దేవదారు మొదట్లో మట్టి ఇంకో గుప్పెడు కావాలి. వాడి అన్నదమ్ములెవరైనా అక్కడ ఇంకా ఉంటారేమో వెతుకుతాను. శ్రమ ఇస్తున్నాను, తిట్టుకోకు.

నీ మరదలు,
తొవాకో


హిరాసావా
నవంబరు 4

మరదలు పిల్లకు,

నువ్వు నారింజలు పంపిస్తానన్నప్పుడే అనుకున్నాను, దీని వెనకాల ఏదో ఉందని. చిన్నప్పుడు నా దువ్వెన విరగ్గొట్టి, చెప్పేముందు నాకు కాళ్ళు పట్టిన పిల్లవి నువ్వు.

వరి కోతలైపోయాయి. కట్టలు ఆరేసే గుంజలు కూడా విప్పేశాం. ఈసారి పై మళ్ళలో అగ్గి తెగులు బాగానే తగిలింది. పక్కింటి ఒచియాయి ముసలాయన రోజూ మడి గట్టు మీద నిలబడి "మీ మరదలు మందు ఎప్పుడొస్తుందమ్మా, నేను పోయాకా?" అని అడుగుతాడు. "మీరు పోయేలా కనబడటంలేదుగా, తొందరేముంది" అన్నాను.

కనుమ మీద మొన్ననే మొదటి మంచు పడింది. నేను ఎక్కను. ఎక్కినా ఆ దేవదారు మొదట్లో ఏముందని? అందుకని నా ముల్లంగి మడి మట్టి పంపిస్తున్నాను. వంటింటి గుమ్మం పక్కదే, నీకు తెలుసుగా. ముల్లంగి పీకినచోట గరిటెతో గీకి తీశాను. ఇదెందుకని అడక్కు. మట్టి మట్టే.

మట్టితోపాటు ముల్లంగి ఊరగాయ కూడా పెట్టాను. రెండు సంచులూ కలిపేయకు.

నాకు ఒక్కటి అర్థంకాలేదు. పని తెలిసినవాడు, తిండి దొరుకుతున్నవాడు, ఉన్నట్టుండి పని ఎందుకు మానేస్తాడు? తిడితే చేస్తాడేమో చూడు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఆయనకి అదే మందు.

షిజునో


నుమాజు
నవంబరు 25

వదినకు,

ఊరగాయ అయిపోయింది. పక్క బల్లమీద పనిచేసే అమ్మాయి డబ్బా అడుగున మిగిలిన నీళ్ళు కూడా అన్నంలో పోసుకుంది.

మట్టి సంగతి. నేను అడిగింది ఒకటి, నువ్వు పంపింది ఇంకొకటి. కంపెనీలో అందరిముందూ "ఇది ఎక్కడి మట్టి?" అని ఒనోదెరా గారు అడిగితే "మా వదిన వంటింటి గుమ్మం" అని చెప్పాల్సివచ్చింది. ఒనోదెరా గారంటే మా విభాగం పెద్ద, నీకు చెప్పాను కదా, నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. ఆయన కూడా నవ్వారు. అయినా వెతికాను. 612 లాంటివాడు దొరకలేదు. ఒకడు మాత్రం గుబురుగా తెల్లగా పెరుగుతున్నాడు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాడు. కానీ ఏ తెగులు మీదా పనిచేయడు. ఉత్త పనికిమాలినవాడు. వాడికి 'ముల్లంగి మడి' అని పేరు పెట్టాను.

పని తెలిసినవాడు ఎందుకు మానేస్తాడని అడిగావు. తిండి దొరుకుతున్నప్పుడే వీళ్ళు మందు చేయరు వదినా. తిండి ఉన్నంతకాలం తినడం, పెరగడం, అంతే. తిండి తగ్గాలి, జనం పెరిగి ఒకరికొకరు తగలాలి, అప్పుడు మొదలుపెడతారు. ఒక్కడే కూర్చుని చేస్తే ఆ చుక్క మందు ఏ మూలకి? అందరూ ఒక్కసారి చేస్తేనే పక్కనున్న బూజు చస్తుంది.

మరి జనం పెరిగారని వీళ్ళకెలా తెలుస్తుంది? ప్రతివాడూ తన చుట్టూ ఒక పదార్థాన్ని చాలా కొంచెం వదులుతూ ఉంటాడు. దాన్ని మేం కబురు అంటాం. లోపల ఒక కాపలాదారు ఉంటాడు, మందు చేసే సరంజామా మీద ఎక్కి కూర్చుని ముట్టుకోనివ్వడు. జనం పెరిగేకొద్దీ కబురు చిక్కబడుతుంది. చిక్కబడ్డ కబురు తగిలితే కాపలాదారు లేచి పక్కకి పోతాడు. అప్పుడిక నూగు, ఎరుపు, మందు, అన్నీ వస్తాయి.

612లో ఈ వరస ఎక్కడో తెగింది. కబురు పంపడం మానేశాడో, వచ్చిన కబురు వినబడటంలేదో, లేక మందు చేయడమే మర్చిపోయాడో తెలియదు. తిండి తగ్గించి చూశాను. చల్లగా ఉంచి చూశాను. తిట్టాను కూడా, నీ మాట మీద. ఏమీ కాలేదు.

నేను బాగానే ఉన్నాను. ఏమీ దిగులు పెట్టుకోకు.

తొవాకో


హిరాసావా
డిసెంబరు 5

తొవాకోకు,

నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు అని రాశావంటే ఏదో అయింది. బాగున్నవాళ్ళెవరూ ఆ మాట రాయరు. నువ్వు బాగున్నప్పుడు ఏం తిన్నావో రాస్తావు.

నువ్వు చెప్పకపోతే నేనే బస్సూ రైలూ పట్టుకుని వచ్చి, ఆ నవ్వని ఒనోదెరా గారిని అడుగుతాను. నడుములోతు మంచు పడేలోపు చెప్పు.

ఇంకో మాట. ఆ ముల్లంగి మడి వాణ్ణి పనికిమాలినవాడు అన్నావు. నా మడిలోంచి వచ్చినవాణ్ణి అలా అంటే నాకు కోపం వస్తుంది. పారేయకు.

షిజునో


నుమాజు
డిసెంబరు 12

వదినకు,

నీ దగ్గర దాచడం నాకెప్పుడూ చేతకాలేదు. చెబుతున్నాను.

ఈ ఏడాది చివరికి 612 మందు చేయకపోతే వాణ్ణి తీసేస్తారు. వాడితోపాటు నన్నూ ఏప్రిల్లో టోక్యో ఆఫీసుకి మారుస్తారు. అక్కడ ల్యాబ్ ఉండదు. ఇతర కంపెనీల కాగితాలు చదివి సారాంశం రాయడం పని. జీతం ఇంతే, కుర్చీ ఇంకా మెత్తగా ఉంటుందట. వదినా, నాకు మెత్తటి కుర్చీ వద్దు. పొద్దున్నే పళ్ళేలుంచే వెచ్చటి పెట్టె తెరిచి, రాత్రికి రాత్రి ఎవరు ఎంత పెరిగారో చూడకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. పైగా వాడు అన్నయ్య ఇచ్చినవాడు. అన్నయ్య పోయాక ఈ మూడేళ్ళూ, రోజూ పొద్దున్న వాడి మొహం చూస్తే అన్నయ్యకి దండం పెట్టినట్టుండేది. ఇది ఎవరితోనూ అనలేదు.

మా ఆవరణలో ఒక రాయి ఉంది, నువ్వు వచ్చినప్పుడు చూశావు. మేం పనికోసం చంపిన సూక్ష్మజీవులకోసం నిలబెట్టింది. ఏడాది చివర గుడినుంచి గురువుగారు వచ్చి మంత్రాలు చదువుతారు. ఆ ఏడాది పనిలోంచి తీసేసిన సూక్ష్మజీవుల పేర్లు చదివి సాగనంపుతారు. మా ల్యాబ్‌కి ఇంకో అలవాటు కూడా ఉంది. ఒక పెద్ద పళ్ళెంలో ఆ ఏడాది మాతో ఉన్నవాళ్ళందర్నీ పక్కపక్కనే గీతలుగా గీసి, పూజదాకా ఎవరూ చూడకుండా తెల్లగుడ్డ కప్పి పెంచి, రాయి ముందు పెడతాం. కుటుంబమంతా ఫోటో దిగినట్టు. పూజ అయ్యాక దాన్ని ఆవిరిలో పెట్టి చంపేస్తాం.

ఈసారి ఆ పళ్ళెం గీయడం నా వంతు వచ్చింది. 612ని ఎక్కడ పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి నీ ముల్లంగి మడి వాడి పక్కన పెట్టాను. మన ఊరివాళ్ళు ఒకచోట ఉంటారని. ఇరవై ఆరున పూజ. సాగనంపే పేర్లలో 612 ఉంది.

ఇవాళ ఎండబెట్టిన చేప కాల్చుకుని తిన్నాను. చూశావా, ఏం తిన్నానో రాశాను.

తొవాకో


హిరాసావా
డిసెంబరు 18

తొవాకోకు,

ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని గోధుమ ఉండలు ఉడికించుకుని తిన్నాను. నువ్వూ తిను.

పూజ రోజు మందమైన మేజోళ్ళు వేసుకో. రాయి ముందు నిలబడితే కాళ్ళు లాగేస్తాయి.

మీ అన్నయ్య గురించి నేను నీకు చెప్పాల్సింది ఒకటుంది. కానీ చెప్పనని ఆయనకి మాటిచ్చాను. చనిపోయినవాళ్ళకిచ్చిన మాట తప్పొచ్చా లేదా అని ఒచియాయి ముసలాయన్ని అడిగితే, "నేను పోయాక తెలుసుకుని చెబుతాను" అన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాను.

షిజునో


నుమాజు
డిసెంబరు 27

వదినా,

వాతావరణం గురించి తర్వాత రాస్తాను. ముందు ఇది విను.

నిన్న మధ్యాహ్నం పూజ. గురువుగారు మంత్రాలయ్యాక పేర్లు చదవడం మొదలుపెట్టారు. "ఆరువందల పన్నెండు, తొమ్మిదేళ్ళు కష్టపడ్డావు, ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు. నేను ముక్కు చీదుకుంటున్నాను. తర్వాత పళ్ళెం మీది గుడ్డ తీయడం నా పని. తీశాను. అందరూ తల వంచారు, నేనూ వంచాను. వంచేసరికి పళ్ళెం కళ్ళముందే ఉంది. అందులో ఎరుపు కనబడింది.

సరిగ్గా చూద్దామని ఇంకా వంగి, నుదుటితో రాయిని గుద్దుకున్నాను. బొప్పి కట్టింది. అందరూ నాకు దుఃఖం ఆగడంలేదనుకున్నారు. పక్క బల్ల అమ్మాయి నా వీపు నిమురుతోంది. నేను "ఎర్రగా, ఎర్రగా" అంటున్నాను. "రక్తం రాలేదు, ఊరుకో అక్కా" అంటోంది తను.

612 గీతకి ఒక అంచు ఎర్రబడింది వదినా. ఆ అంచునే తెల్లటి నూగు కూడా. నీ ముల్లంగి మడి వాడివైపున్న అంచు మాత్రమే. రెండోవైపు ఎప్పట్లాగే బోడి.

అంటే ఏమిటో నీకు అర్థమైందా? వాడు మందు చేయడం మర్చిపోలేదు. వాడికి చెవులు కూడా ఉన్నాయి. పోయింది నోరే. ఇన్నేళ్ళు పళ్ళెంనుంచి పళ్ళేనికి మారుస్తూ వచ్చేసరికి ఎక్కడో కబురు చేయడం పోగొట్టుకున్నాడు. జనం ఎంత పెరిగినా ఒక్కడూ కబురు పంపడు కాబట్టి, లోపలి కాపలాదారు కదలడు. ముల్లంగి మడి వాడి కబురు జిగురులోంచి పాక్కుంటూ వచ్చి తగిలేసరికి లేచాడు. మేం పనికిమాలినవాడన్నది వాణ్ణి.

ఆ పళ్ళేన్ని ఆవిరిలో పెట్టాల్సిన మనిషి చెయ్యి చాపితే నేను ఇవ్వలేదు. ఒనోదెరా గారు, "పేరు చదివేశారు కదా, సాగనంపినవాణ్ణి మళ్ళీ పనిలో ఎలా పెడతాం?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఇబ్బంది పడ్డారు. గురువుగారు పుస్తకం మూటకట్టుకుంటూ, "నేను పేరుపెట్టి పిలిచాను, పలికాడు. ఇందులో తప్పేముంది?" అన్నారు.

ఇవాళ ఆ ఎర్రటి అంచు కోసి అగ్గి తెగులు బూజు మధ్యలో పెట్టాం. ఫలితం తెలియడానికి కొంచెం ఆగాలి. అదలా ఉండగా ఒనోదెరా గారు ఒక ప్రశ్న వేశారు. ఈ కబురు ఊరికే ఎవరిది పడితే వాళ్ళది పనిచేయదు. ఒక్కో గుంపుకి ఒక్కో రకం కబురు, దానికి తగ్గ చెవి. "కనుమ మీది అడవిలో పుట్టినవాడికి, కింద ఊళ్ళో ముల్లంగి మడి వాడి మాట ఎలా అర్థమైంది? నువ్వు ఎక్కడో సంచులు మార్చేసి ఉంటావు. ఇది తేలకుండా నేను పైవాళ్ళకి రాయలేను" అన్నారు. తేలకపోతే ఏప్రిల్లో టోక్యోనే.

నేను సంచులు మార్చలేదు వదినా. నీ ఊరగాయతో కూడా కలపలేదు.

తొవాకో


హిరాసావా
జనవరి 6

తొవాకోకు,

కొత్త సంవత్సరం మంచిది. మంచు కిటికీ దాకా వచ్చింది, గది పగలు కూడా మసకగా ఉంది. ఒచియాయి ముసలాయన కొడుకు కప్పు మీది మంచు తీసిపెట్టాడు.

ఆలోచించడం అయిపోయింది. మీ అన్నయ్య మొహం చూస్తూ, ఆయన ఫోటో ముందే కూర్చుని రాస్తున్నాను. వినబడితే విననీ.

మీ అన్నయ్య ఆ కనుమ ఎక్కలేదు.

ఆ వేసవిలో నువ్వు సెలవు మీద వచ్చావు. కనుమ మీది మట్టి తెచ్చిపెడతానని పొద్దున్నే గొప్పగా బయల్దేరాడు. దారి మొదట్లోనే టీ కొట్టు ఉండేది, గుర్తుందా? అక్కడ ఎవరో స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ సాకే సారా తాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నారు. చీకటిపడ్డాక పెరటివైపునుంచి వచ్చాడు. నేను గుమ్మంలో బియ్యం కడుగుతున్నాను. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుని, నా చేతిలో గరిటె లాక్కుని, ముల్లంగి మడిలో గుప్పెడు మట్టి గీకి నీ సంచీలో పోశాడు. మిగతావాళ్ళు అగ్నిపర్వతాలనుంచీ దీవులనుంచీ తెస్తుంటే, చెల్లెలు పెరటి మట్టి పట్టుకెళ్తే పరువు పోతుందట. అందుకని కనుమ అని చెప్పాడు. "దానికి చెప్పకు" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మోకాళ్ళకి బురద పూసుకుని మరీ లోపలికొచ్చాడు, ఎక్కి దిగినట్టు కనబడాలని. నువ్వు పాపం ఆయన కాళ్ళు కడిగావు.

నువ్వు దేవదారు మొదట్లో మట్టి కావాలని రాసినప్పుడు నాకు నవ్వాగలేదు. మాట తప్పకుండా సాయం చేద్దామని ముల్లంగి మడి మట్టే పంపాను. ఆయన గీకినచోటే గీకాను. నీ 612 అన్నదమ్ములు దొరుకుతారనుకున్నాను. పక్కింటివాడు దొరికాడన్నమాట.

కాబట్టి మీ ఒనోదెరా గారికి చెప్పు. వాళ్ళిద్దరూ ఒకే మడిలో పెరిగినవాళ్ళు. ఒకరి మాట ఒకరికి అర్థంకాక ఏమవుతుంది? కావాలంటే ఈ ఉత్తరం చూపించు. సాకే సంగతి దాకా చూపించు, మీ అన్నయ్యకేం సిగ్గు లేదు.

షిజునో


నుమాజు
ఫిబ్రవరి 17

వదినకు,

నీ ఉత్తరం ల్యాబ్‌లో నిలబడి చదువుతూ పగలబడి నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను. తొమ్మిదేళ్ళు. ఆ బురద నేను కడిగాను. అన్నయ్య ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని.

ఒనోదెరా గారికి ఇచ్చాను. అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు. "మా వదినకూడా ఉత్తరాలు రాస్తే బాగుండు" అన్నారు. మర్నాడు నీ మట్టిలో మిగిలింది మళ్ళీ వెతికించారు, ఈసారి అందరిచేతా. 612 రక్తసంబంధం ఒకడు దొరికాడు. సన్నగా ఉన్నాడు, మందు తక్కువే చేస్తాడు, కానీ ముమ్మాటికీ వాడి వంశమే. దాంతో సంచులు మారలేదని తేలింది.

బూజు పరీక్ష కూడా బాగా వచ్చింది. ఎర్రటి ముక్క చుట్టూ బూజు దగ్గరికి రాలేదు. ఇప్పుడు పెద్ద కూజాల్లో ముల్లంగి మడి వాణ్ణి పెంచి, ఆ నీళ్ళు వడకట్టి, రెండు చుక్కలు 612కి ఇస్తున్నాం. ఇచ్చిన మర్నాటికి కూజా ఎర్రబడుతోంది. వేసవికి పరీక్ష మడులకి మందు పంపుతారు. మీ పై మళ్ళు కూడా ఆ జాబితాలో పెట్టించాను, ఒచియాయి గారికి చెప్పు.

నేను టోక్యో వెళ్ళడంలేదు. నా కుర్చీ ఎప్పట్లాగే గట్టిగా ఉంది.

సాగనంపినవాడు తిరిగొచ్చాడు కాబట్టి పాత పేరుతో పిలవడం బాగుండదని గురువుగారు అన్నారట. కొత్త పేరు నన్నే పెట్టమన్నారు. అన్నయ్య పేరే పెట్టాను, తామెజీ అని. సీసా మీద 'కనుమ' కొట్టేసి 'ముల్లంగి మడి' అని రాశాను.

ఆ పళ్ళెం ఫోటో పంపిస్తున్నాను. ఎడమవైపు గుబురుగా ఉన్నవాడు నీవాడు. పక్కన బోడిగా ఉన్నవాడు అన్నయ్య. అంచు చూడు.

తొవాకో


హిరాసావా
మార్చి 3

తొవాకోకు,

ఫోటో అందింది. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకి పట్టుకుని చూశాను. మంచు కరుగుతోంది, చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. ముల్లంగి మడి ఒక మూల నల్లగా బయటపడింది.

ఒచియాయి ముసలాయనకి చూపించాను. "ఇందులో తామెజీ ఎవరు?" అన్నాడు. చూపించాను. "అలాగే ఉన్నాడు" అన్నాడు. తన మళ్ళలో మందు చల్లేదాకా పోనని ఒప్పుకున్నాడు.

పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య నాతో మాట్లాడేవాడు కాదు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే కూర్చునేవాడు. ఈయనకి నేనంటే ఇష్టంలేదేమో అని ఒక చలికాలమంతా ఏడ్చాను. మీ అమ్మ చూసి చూసి, "వాడు తనంతట తను మొదలుపెట్టడే, నువ్వే ఏదో ఒకటి అను" అంది. ఆ సాయంత్రం ముల్లంగి కడుగుతూ, "ఈసారి దుంపలు బాగా ఊరాయి" అన్నాను. అంతే. ఆయన మొదలుపెట్టాడు. ఏ మడిలో ఏది వేయాలి, మేక ఎందుకు కుంటుతోంది, తన చిన్నప్పుడు పడ్డ మంచు ఎంత లోతు, పొయ్యి ఆరిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ అంతే. ముందు నేను ఒక మాట అనాలి.

ఫోటోని పెద్దల అరలో, ఆయన పటం పక్కన పెట్టాను. ఈ మూడేళ్ళూ పొద్దున్న దీపం పెట్టి ఊరికే దండం పెట్టుకుని వచ్చేసేదాన్ని. చనిపోయినవాళ్ళతో ఏం మాట్లాడతాం అని. ఇవాళ పొద్దున్న దీపం పెట్టి, "మంచు కరిగింది, విత్తనాలు వేయాలి" అన్నాను.

ఇప్పుడే నీకు ఊరగాయ కట్టడానికి లేచాను. నారింజలు ఇంకా రాలేదని గుర్తుచేస్తున్నాను.

షిజునో